ఏడో ప్రశ్న

3, సోమవారం

ఇరవై ఎనిమిదో తారీఖున అమ్మానాన్నల చేత ఒక కాగితం మీద వేలిముద్రలు వేయించాలి. ఆ కాగితం రాయాల్సింది నేను. అందులో ఏముందో వాళ్ళు చదవలేరు. నేనేం రాస్తే అది వాళ్ళు ప్రమాణం చేసి చెప్పినట్టు లెక్క. అందుకే ముందు ఇక్కడ, నాకోసం, జరిగింది జరిగినట్టు రాసుకోవాలి. ఇప్పుడే రాసుకోవాలి. ఆలస్యమైతే ఆ కాగితంలో రాసిందే నిజమని నేనే నమ్మేస్తాను.

ఈ పుస్తకం ఆఫీసు సొరుగులో ఉంటుంది. భోజనాల వేళ రాస్తాను. ఇంటికి తీసుకెళ్ళను. ఇంట్లో చదవడం వచ్చినవాళ్ళు నేను కాక ఇంకొకరున్నారు.

శనివారం లాయరమ్మ దగ్గరికి నలుగురం వెళ్ళాం. మూడో అంతస్తు. చెల్లి రెండుసార్లు మెట్ల మీద కూర్చుండిపోయింది. పద్నాలుగేళ్ళ పిల్ల. అమ్మ కొంగుతో విసురుతుంటే, "ముసలమ్మనా నేను? ఆపు" అంది. ఆపమన్న గొంతు కూడా పైకి రాలేదు.

ఫోన్లో వీడియోలు చూపించే ఒక కంపెనీ మీద మాతో కలిపి నూట పన్నెండు ఇళ్ళవాళ్ళు దావా వేస్తున్నారట. పిల్లలు ఫోన్ వదలలేకుండా కావాలనే అలా తయారు చేశారని, దానివల్ల పిల్లలు చెడిపోతున్నారని తెలిసీ ఊరుకున్నారని.

"కోర్టులో వాళ్ళ మొదటి మాట నాకిప్పుడే తెలుసు," అంది లాయరమ్మ. "తప్పు మాది కాదు, ఇంట్లోవాళ్ళది అంటారు. దానికి సిద్ధపడండి."

"మా పెద్దది చూసుకుంటుందమ్మా," అన్నాడు నాన్న. "మా రెండు వైపులా కలిపి బడి గడప తొక్కింది ఇదే మొదలు. గవర్నమెంటు ఆఫీసులో పని." ప్రతి కొత్తమనిషికీ చెబుతాడు. ఒకసారి బస్సు కండక్టరుకి కూడా చెప్పాడు. అతను టికెట్ తీసుకోమన్నాడు.

పద్నాలుగు ప్రశ్నల కాగితం ఇచ్చింది లాయరమ్మ. మా మాటల్లో జవాబులు రాసుకొస్తే తను కోర్టు భాషలోకి మారుస్తుంది. ఆ తర్వాత చెల్లిని ఒక్కదాన్నే లోపలి గదిలో కూర్చోబెట్టి పావుగంట మాట్లాడింది. బయటికొచ్చాక అది ఎవరి మొహమూ చూడలేదు.

ఒకటి నుంచి ఆరు దాకా రాసేశాను. పేర్లు, వయసులు, బడి, ఇంట్లో ఎన్ని ఫోన్లు.

ఏడు: ఖాతా ఎవరు తెరిచారు? అప్పుడు పిల్ల వయసెంత? తెరిచేటప్పుడు ఏ పుట్టిన తేదీ ఇచ్చారు?

అది తర్వాత రాస్తాను.

4, మంగళవారం

మా ఇంట్లో కాగితాలకో పద్ధతి ఉంది. ఏ కాగితమొచ్చినా నా చేతికొస్తుంది. నేను చదువుతాను, నింపుతాను, ఎక్కడ వేలిముద్ర పడాలో అక్కడ పెన్సిల్‌తో చిన్న ఇంటూ పెడతాను. నాన్న మిషను ఆపి, బొటనవేలు సిరా పెట్టె మీద అద్ది, ఇంటూ మీద ఆనిస్తాడు. అమ్మ కూడా అంతే. ఆరిన తర్వాత పెన్సిల్ గీతలు నేను చెరిపేస్తాను. పదేళ్ళ వయసు నుంచి ఇదే నడుస్తోంది. ఏముంది అందులో అని ఒక్కసారి అడగలేదు.

నాన్న దర్జీ. గుడ్డ మీద సుద్దగీత ఎక్కడుంటే అక్కడ కత్తిరించే మనిషికి ఇంటూ కొత్త కాదు. అమ్మ గుండీలు, హుక్కులు కుడుతుంది. ఇద్దరూ ఒకే కిటికీ దగ్గర, ఒకే వెలుతురులో.

నన్ను బడిలో చేర్చిన రోజు కథ నాన్న ఇప్పటికీ చెబుతాడు. పుట్టిన తేదీ అడిగితే తెలీదన్నాడట. "కూతురు పుట్టిన రోజు తెలీని తండ్రివా?" అని అక్కడి గుమాస్తా అందరి ముందూ నవ్వాడట. నాన్న ఆసుపత్రి చీటీ ఒకరి చేత చదివించుకుని, బడి దాకా దారంతా పాఠంలా వల్లెవేసుకుంటూ వచ్చి, గుమాస్తా ముందు నిలబడి గట్టిగా అప్పజెప్పాడట. నాన్నకి నోటికొచ్చిన తేదీ లోకంలో అదొక్కటే.

చెల్లి తేదీ ఆయనకి రాదు. దాన్ని బడిలో చేర్చింది నేను.

6, గురువారం

గురువారాలు పొద్దున్నే చెల్లికి ఆసుపత్రిలో బరువు చూస్తారు. పోయిన వారంకంటే అరకిలో ఎక్కువుంది. అమ్మ మొహం వెలిగింది. నర్సు మాత్రం చెల్లి జేబులో చెయ్యి పెట్టి రెండు ఇనపబిళ్ళలు తీసి బల్ల మీద పెట్టింది. నాన్న గుడ్డ కదలకుండా పెట్టుకునే బిళ్ళలు. రెండ్రోజుల్నుంచి వాటికోసం ఇల్లంతా వెతుకుతున్నాడు.

"మీ నాన్న దర్జీయా?" అంది నర్సు. చెల్లి తలూపింది. "ఇంతకుముందొకమ్మాయి తాళంకప్ప తెచ్చింది. వాళ్ళకి ఇనపసామాన్ల కొట్టు."

నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

ఇది ఒకప్పుడు వసపిట్ట. ఇంట్లో అందరం అలాగే పిలిచేవాళ్ళం. నోరు మూత పడేది కాదు. నాన్న దగ్గరికొచ్చే బేరగాళ్ళందరినీ అనుకరించేది: పొట్ట లోపలికి పీల్చుకుని కొలతలిచ్చే పెద్దమనిషి, "రేపటికి కావాలి, రేపంటే ఇవాళే" అనే ఆవిడ. తర్వాత ఫోన్లో ఆ వేషాలే వేసింది. మొదటి ఏడాది అందరూ నవ్వారు. తర్వాత ఎవరో దాని బుగ్గల గురించి రాశారు. ఆ తర్వాత దాని ఫోన్లో బుగ్గలు తగ్గించుకోవడం ఎలా, నడుము తగ్గించుకోవడం ఎలా, మూడు రోజులు ఏమీ తినకుండా ఉండడం ఎలా. ఒకటి చూస్తే పది వచ్చేవి. నవ్వించడం మానేసింది. నిద్ర మానేసింది. బడి మానేసి ఏడు నెలలు. ఫోన్ లాక్కుంటే అమ్మ చెయ్యి కొరికింది. ఆ గుర్తు ఇంకా ఉంది.

నెలకోసారి గౌను తెచ్చి, "నాన్నా, నడుం దగ్గర వదులైంది, కొంచెం నొక్కు వెయ్యవా?" అనేది. కూతురు అడిగిందని నాన్న సంబరంగా వేసేవాడు. ఇరవై ఆరు, ఇరవై నాలుగు, ఇరవై రెండు. టేపు పట్టి కొలిచింది ఆయనే. ఇప్పుడా టేపు మెడలో వేసుకోవడం మానేశాడు. మేకుకి తగిలిస్తున్నాడు.

ఎనిమిది నుంచి పద్నాలుగు దాకా ప్రశ్నలకి జవాబులు ఇవాళ రాసేశాను.

7, శుక్రవారం

ఏడు: చెల్లే తెరుచుకుంది. ఈ కాలం పిల్లలకి ఒకరు నేర్పాలా?

10, సోమవారం

నాది జననాల కౌంటర్. తేదీల దిద్దుబాటు కూడా నాదే. పక్క కౌంటర్ మరణాలది. అక్కడ కూర్చునే ఆవిడని అందరూ మరణాలక్క అంటారు. ఆవిడకేం బాధ లేదు. "నా దగ్గర ఎవరూ తేదీ మార్చమని గొడవ పెట్టుకోరే పిల్లా," అంటుంది.

ఇవాళ ఒకాయన కొడుకు పుట్టిన తేదీ ఏడాది వెనక్కి జరపమని వచ్చాడు. బడిలో సీటు కోసం.

"ఒక్క ఏడాదేగా తల్లీ, ఎవరికి నష్టం?"

"తప్పు తేదీ రాస్తే ఆ పిల్లాడు జన్మంతా దాన్ని మోయాలి. మీరు పెట్టింది కాబట్టి వాడు కాదనలేడు కూడా," అన్నాను. గొంతు పెరిగింది. లైన్లో అందరూ చూశారు.

ఆయన కాగితాలు సర్దుకుని, "నీకు పిల్లలున్నారా?" అని అడిగి వెళ్ళిపోయాడు.

మరణాలక్క బాక్సు మూత తీస్తూ, "ఏమే, ఇవాళ అంత ఎగిరిపడ్డావు? కుదరదంటే సరిపోయేదిగా," అంది.

"ఏం లేదక్కా."

అమ్మానాన్నలు వేలిముద్ర వేసే ఆ ప్రమాణం కాగితం, అఫిడవిట్, కోర్టుకి వెళ్తే ఎవరైనా నకలు తీసుకోవచ్చట. మా పై అధికారి కూడా. ఈ కౌంటర్లో కూర్చున్న మనిషి గురించి అందులో ఏముందో చదవొచ్చు. ఏముంటుంది? ఏమీ ఉండదు. చెల్లే తెరుచుకుంది.

11, మంగళవారం

మాది ఒకటే గది. ఒక మూల మిషను, ఒక మూల పొయ్యి, మధ్యలో మంచం, మంచం కింద పెట్టెలు. ఈ ఉద్యోగం పరీక్షకి చదివేటప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. నాన్న నాకోసం మధ్యాహ్నం రెండు గంటలు మిషను ఆపేవాడు. అమ్మ గిన్నె చప్పుడు కాకుండా కడిగేది. ఇంట్లో ఒక్క నోరే ఆగేది కాదు. దానికి తొమ్మిదేళ్ళు. "అక్కా ఇది చూడు, అక్కా అది చూడు, అక్కా నేను కొంగలా నడుస్తా చూడు."

కేకలేశాను. బయటికి పంపాను. బిస్కట్ ఇచ్చాను. చివరికి నా పాత ఫోన్ ఇచ్చాను. ఇచ్చానంటే, అది అడిగింది. తీసుకుంది.

ఆ తర్వాత ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదో. ఆ నాలుగు నెలలు చదివినట్టు నేనెప్పుడూ చదవలేదు. ఉద్యోగం వచ్చిన రోజు నాన్న, "చిన్నది కూడా అక్కకోసం ఎంత బుద్ధిగా కూర్చుందో" అన్నాడు.

13, గురువారం

బరువు మూడు వందల గ్రాములు తగ్గింది. ఈసారి జేబులు నేనే చూసి పంపాను.

తిరుగు బస్సులో అమ్మ ముందు సీట్లో, మేమిద్దరం వెనక. ఉన్నట్టుండి చెల్లి కళ్ళజోడు సర్దుకుంటున్నట్టు వేళ్ళు పెట్టి, లాయరమ్మ గొంతుతో, "సిద్ధపడండి" అంది. అచ్చం ఆవిడే. నాకు నవ్వాగలేదు. అది కూడా నవ్వింది. ఎన్ని నెలలైందో ఆ నవ్వు చూసి. పళ్ళు పెద్దవిగా కనిపిస్తున్నాయి ఇప్పుడు.

తర్వాత కిటికీలోంచి చూస్తూ అంది. "అక్కా, ఆవిడ నన్నడిగింది, ఖాతా ఎవరు తెరిచారని. నేనే అని చెప్పా."

నేను చేతిలోని బస్సు టికెట్లు మడతపెట్టాను.

"నువ్వు కూడా అదే రాయి. నీ ఉద్యోగం ఉంది కదా. నాకేముంది, ఎలాగూ పాడైపోయినదాన్నే."

"అలా అనకు."

"అదే రాస్తావా?"

"సరే," అన్నాను.

ఆ నవ్వు మళ్ళీ పోతుందని భయమేసి అన్నాను. అందుకే అన్నాను.

14, శుక్రవారం

ఏడో ప్రశ్నకి జవాబు రాసేశాను. రెండు వాక్యాలు. చక్కటి దస్తూరి.

17, సోమవారం

శనివారం జరిగింది రాయాలి.

లాయరమ్మ గది. నా జవాబులన్నీ కోర్టు భాషలో టైపు చేయించి పెట్టింది. నాన్న ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. కూర్చోగానే బొటనవేలు చొక్కాకి తుడుచుకుని, "ఇంటూ ఎక్కడ పెట్టావు తల్లీ?" అన్నాడు.

"ఇవాళ వేలిముద్ర కాదండీ," అంది లాయరమ్మ. "చదవడం రానివాళ్ళకి ముందు చదివి వినిపించాలి. అర్థమైందని మీరనాలి. అది రూలు."

"మా పెద్దది రాసిందంటే మళ్ళీ చదవడమెందుకమ్మా?"

"రూలు," అంది మళ్ళీ. చెల్లి నా వైపు చూసింది, బస్సులో నవ్వుకున్నది గుర్తొచ్చి. నేను చూడలేదు.

చదువుతూ పోయింది. అమ్మ, కొరికిన గుర్తున్న చెయ్యి కొంగులో దాచుకుని, వింది. ఏడో జవాబు వచ్చింది. "ఖాతాను మా చిన్న కుమార్తె తొమ్మిదేళ్ళ వయసులో స్వయంగా, మాకెవరికీ తెలియకుండా, తప్పుడు పుట్టిన తేదీ ఇచ్చి తెరిచినది."

"తప్పుడు తేదీ అంటే?" అంది అమ్మ.

"పదమూడేళ్ళు నిండనిదే వాళ్ళు ఖాతా ఇవ్వరు. అందుకని వయసు ఎక్కువ వేసి ఉంటుంది."

అమ్మ చెల్లిని చూసింది. "తొమ్మిదేళ్ళకి దీనికి తీసివేతలే రావు. వేళ్ళు లెక్కపెట్టుకునేది. ఎప్పుడో పుట్టినట్టు ఎలా రాసిందమ్మా?"

చెల్లి, "వచ్చు నాకు" అంది.

లాయరమ్మ ఇంకో కాగితం తీసింది. "సరే, కంపెనీ వాళ్ళ దగ్గర్నుంచి ఖాతా వివరాలు నిన్ననే వచ్చాయి. ఇచ్చిన తేదీ ఇది." చదివింది. రోజు, నెల, ఏడాది.

నాన్న మొహం విప్పారింది. కుర్చీలో ముందుకి జరిగాడు.

"అది మా పెద్దదాని పుట్టినరోజమ్మా!" అన్నాడు. గుమాస్తా ముందు అప్పజెప్పినట్టే, రోజు, నెల, ఏడాది, గట్టిగా, ఒక్క అక్షరం పొల్లు పోకుండా మళ్ళీ చెప్పాడు. "చూశారా, నాకు చదువు రాకపోయినా అది మాత్రం నోటికొచ్చు."

 నాన్న ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ వచ్చి, నా దగ్గర ఆగాడు. నవ్వు ఇంకా అలాగే ఉంది. లోపల మాత్రం ఏమీ లేదు.

"చెల్లి నీ తేదీ వేసిందా?" అన్నాడు.

"అవును, నేనే వేశా," అంది చెల్లి వెంటనే.

లాయరమ్మ కళ్ళజోడు తీసింది. "పాపా, ఆ రోజు గదిలో ఏ తేదీ వేశావని నేనడిగితే గుర్తులేదన్నావు."

నేను లేచి బయటికొచ్చాను. మెట్ల మీద కూర్చున్నాను, చెల్లి కూర్చున్న మెట్టు మీదే. కాసేపటికి లాయరమ్మ వచ్చి పక్కన నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"తప్పు తేదీ ఇచ్చిన అక్క ఉంటే మన కేసు కొంచెం బలహీనపడుతుంది. అబద్ధం ప్రమాణం చేసిన కుటుంబం ఉంటే మీ కేసే ఉండదు. మీవల్ల మిగతా నూట పదకొండు ఇళ్ళని కూడా అనుమానిస్తారు." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని అంది. "ఆ ఖాతాలో ఒక వీడియో ఉంది. పిల్ల కేకు మీద పది కొవ్వొత్తులు ఊదుతుంది. అప్పటికి వాళ్ళ లెక్కలో దానికి ఇరవై ఏళ్ళు. నిమిషనిమిషానికీ అది ఏం చూస్తుందో కనిపెట్టిన మిషనుకి ఆ పది కొవ్వొత్తులు కనపడలేదా? నేనడగాలనుకున్నది అది. ఇలాంటి కాగితం చేతిలో పెట్టుకుని ఎలా అడగను?"

ఏ కాగితమో రాయక్కర్లేదు.

18, మంగళవారం

ఖాతా తెరిచింది నేను.

మధ్యాహ్నం. నాన్న మిషను ఆపిన రెండు గంటల్లో. చెల్లి నా వీపు మీద వాలి, "అక్కా, మా క్లాసులో అందరికీ ఉంది" అంటోంది. ఫోన్ పుట్టిన తేదీ అడిగింది. దాని తేదీ వేశాను. కుదరదంది. అప్పుడాగొచ్చు. ఆగలేదు. కాగితాలు నింపీ నింపీ అలవాటైన చెయ్యి, ఆలోచించకుండా నా తేదీ వేసేసింది. ఒక నిమిషం కూడా పట్టలేదు.

ఆలోచించకుండా అని రాశాను. అదీ నిజం కాదు. ఆలోచించాను. "రేపు ఇంకో తేదీ అడిగితే గుర్తుండదు, నాదైతే గుర్తుంటుంది" అనుకున్నాను. గర్వంగా కూడా అనిపించింది, ఎంత తెలివైనదాన్నో అని.

పందొమ్మిదేళ్ళ మనిషికి చూపించేవన్నీ తొమ్మిదేళ్ళ పిల్లకి చూపించారు. నడుములు, మందులు, ఇంకేవేవో. దాని వయసు వాళ్ళకి చెప్పింది నేను.

ప్రతి ఏడూ నా పుట్టినరోజు పొద్దున ఫోన్ దానికి శుభాకాంక్షలు చెప్పేది. "అక్కా, నీ పుట్టినరోజు నాకొచ్చిందే!" అని ఎగిరేది. నవ్వుకునేవాళ్ళం. ఐదేళ్ళు, ఐదుసార్లు. మరిచిపోయానని ఎవరికి చెప్పను?

అది తగ్గిపోతుంటే చూశాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే నాకు హాయిగా ఉండేది. మాట్లాడకపోతే పెద్దదవుతోందనుకున్నాను. అనుకున్నానని రాస్తున్నాను. నిజంగా అనుకున్నానో లేదో తెలీదు.

19, బుధవారం

మరణాలక్క తన బాక్సులోది సగం నా మూతలో పెట్టింది. 

20, గురువారం

బరువు అంతే ఉంది. పెరగలేదు, తగ్గలేదు.

చెల్లి శనివారం నుంచి నాతో మాట్లాడడం లేదు. ఆసుపత్రి నుంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. నేను ఆఫీసుకి బయల్దేరే ముందు, దానికి వినపడేలాగే అమ్మానాన్నలకి చెప్పాను. మొత్తం చెప్పాను. మిషను, రెండు గంటలు, తేదీ.

అమ్మ గుండీ కుడుతోంది. కుడుతూనే వింది. దారం కొరికి అంది. "అంటే ఆ కాగితంలో మా నోటితో చిన్నదాని మీద అబద్ధం చెప్పించబోయావు."

"అవునమ్మా."

"మేం వేలు వేసేవాళ్ళం."

"అవును."

"దాని మీదే."

 అమ్మ నన్ను కొట్టి ఉంటే బాగుండేది. ఇంకో గుండీ తీసుకుంది.

నాన్న మిషను చక్రం మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. "నెలనెలా నొక్కులు వేసింది నేను," అన్నాడు. "నా చేతిలోనే తగ్గిపోయింది పిల్ల. నిన్నేమనను?" తర్వాత బల్ల మీద బడి నుంచొచ్చిన కాగితం తీసి నాకిచ్చాడు. చెల్లి సెలవు పొడిగింపుది. నేను మామూలుగా నింపి, కింద పెన్సిల్‌తో ఇంటూ పెట్టి ఇచ్చాను.

నాన్న వేలు అద్దలేదు. కాగితం నా వైపు తిప్పాడు.

"చదువు," అన్నాడు.

"సెలవు కాగితమే నాన్నా."

"తెలుసు. చదువు. మొత్తం."

చదివాను. పేరు, తరగతి, కారణం, తేదీ. ఒక్కో మాటకీ తలూపుతూ, నా పెదవుల వైపు చూస్తూ విన్నాడు. కోపంగా లేడు. కోపమైతే పోతుంది. అంతా అయ్యాక వేలు ఆనించాడు. పద్నాలుగేళ్ళలో నేను ఆయనకి చదివి వినిపించిన మొదటి కాగితం అది.

21, శుక్రవారం

లాయరమ్మకి ఫోన్ చేశాను. ఏడో జవాబు మార్చి రాస్తానన్నాను. సరేనంది. "మీ చెల్లి చెప్పింది కూడా మార్చాలి," అంది. "చిన్నపిల్లే, కానీ మాట తనది. నా అంతట నేను కొట్టేయలేను. మీరు బలవంతం చేసి చెప్పించొద్దు. తనకిష్టం లేదంటే ఈసారికి మీ ఇంటిని పక్కన పెడతాను. బుధవారం సాయంత్రానికల్లా తెలియాలి."

"పక్కన పెడితే మళ్ళీ..."

"మళ్ళీ ఉండకపోవచ్చు," అంది.

24, సోమవారం

చెల్లీ,

ఈ పుస్తకం ఇవాళ ఇంటికి తెస్తున్నాను. నీ దిండు కింద పెడతాను. మొదటి పేజీ నుంచి చదువు. బాగున్నవీ బాగోనివీ ఏవీ చింపలేదు. ఏడో తారీఖున రాసింది చదివి నన్ను తిట్టుకో. పదమూడోది చదివినప్పుడు ఇంకా ఎక్కువ తిట్టుకో.

ఇంట్లో నేను రాసింది చదవగలిగినదానివి నువ్వొక్కదానివే. ఇన్నేళ్ళూ నీకు ఒక్క కాగితం చూపించలేదు. చదువుకున్నది నేనొక్కదాన్నే అన్నట్టు తిరిగాను.

చివరి పేజీల మధ్య రెండు కాగితాలున్నాయి. ఒకటి నా ఏడో జవాబు, కొత్తది. "ఖాతా తెరిచింది నేను. పిల్లకి తొమ్మిదేళ్ళు. ఇచ్చింది నా పుట్టిన తేదీ. ఎందుకంటే నాకు ఇల్లు నిశ్శబ్దంగా కావాలి." అంతే రాశాను. ఆఫీసులో చదివితే చదవనీ. ఆ కౌంటర్ ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. నువ్వు నాకోసం అబద్ధం చెప్పి కాపాడాల్సినంత గొప్పదేం కాదది.

రెండోది నీది. లాయరమ్మ పంపింది. నువ్వు ఆ రోజు గదిలో చెప్పింది కొట్టేసి, జరిగింది చెబుతానన్న కాగితం. ఒప్పుకుంటే సంతకం పెట్టు. అప్పుడు ఆ పది కొవ్వొత్తుల సంగతి కంపెనీ వాళ్ళని లాయరమ్మ అడుగుతుంది. నేను చేసింది నేను ఒప్పుకుంటాను, వాళ్ళు చేసింది వాళ్ళు ఒప్పుకోవాలి కదా. ఇష్టం లేకపోతే ఖాళీగా వదిలెయ్. ఎందుకని ఎవరూ అడగరు, నేను అడగనివ్వను. పాడైపోయినదాన్నే అని మాత్రం ఇంకెప్పుడూ అనకు.

మాట్లాడాలని లేకపోతే మాట్లాడొద్దు. కాగితం తిరిగి నా సంచీలో పెడితే చాలు, సంతకంతోనైనా, లేకుండానైనా. వీలైతే పుస్తకంలో ఈ పేజీ కింద ఏదో ఒకటి రాయి. తిట్టయినా సరే.

నీ కాగితం మీద నేను పెన్సిల్‌తో ఇంటూ పెట్టలేదు. ఎక్కడ పెట్టాలో, అసలు పెట్టాలో వద్దో, చదివి నువ్వే చూసుకో.

ఇరవై ఆరో తారీఖు, బుధవారం, సాయంత్రం ఐదు లోపల జవాబివ్వు.

అక్క